కౌతాళం కాలువలో ఊదారంగు పువ్వు

1979 నవంబరు. ఒక మహాసంగ్రామం గురించి చెప్పబోతున్నాను. సముద్రాలు దాటి వచ్చిన శత్రువు, ముట్టడిలో చిక్కిన నేల, ఒంటరిగా ఎదురు నిలిచిన యువకుడు. నిజానికి అంత లేదు. శత్రువు ఒక నీటి మొక్క. యువకుడు తుంగభద్ర దిగువ కాలువ మీద ఎమ్మిగనూరు సెక్షన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్, అంటే ఇంజనీరుకూ గట్టుకూ మధ్య తిరిగే మనిషి. ఆ యువకుణ్ణి నేనే. నా వాహనం సైకిలు. వెనక బ్రేకు పడదు.

ఆ రోజు కౌతాళం వంతెన దగ్గర డిస్ట్రిబ్యూటరీ చూస్తున్నాను. పెద్ద కాలువ నుంచి పొలాలకు చీలే పిల్ల కాలువను అలా అంటాం. షట్టరుకు ఆనుకుని ఊదారంగు పువ్వుల మొక్కలు నాలుగైదు తేలుతున్నాయి. గట్టు మీద రైతు భీమప్ప నిలబడి వాటిని మెచ్చుకుంటున్నాడు. ఆయన మడి టెయిల్ ఎండ్‌లో, అంటే కాలువ చిట్టచివర ఉంది. పైవాళ్లందరి అవసరాలూ తీరాక నీళ్లు మిగిలితే ఆయనవి. వరి పొట్ట మీద ఉంది, వెన్ను తీయబోతోంది. ఇంకొన్నాళ్లు నీళ్లు అందకపోతే ఆయనకు దక్కేది గడ్డే.

"ఎంత బాగుండాదో సూడప్పా, దేవుని పటానికి పెడదామని పీకుతాండా" అన్నాడు భీమప్ప.

"పీకు. ఒక్కటి కూడా వదలకుండా పీకు."

"అంత మంచిదా?"

"అంత చెడ్డది."

అది గుర్రపుడెక్క. శిక్షణ కోసం కోస్తాకు పోయినప్పుడు చూశాను. ఒక మురుగు కాలువను పచ్చిక బయలులా కప్పేసింది. ఓ కుక్క నేలే అనుకుని దాని మీద నడిచి, సగంలో మునిగింది. కుక్క క్షేమం. కాలువే క్షేమంగా లేదు. ఒక మొక్క పక్కకు తీగ సాచి ఇంకో మొక్కను పెడుతుంది. అది మరొకదాన్ని. చివరకు నీళ్లు కదలవు. అందుకే దాన్ని పెంచడం, ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకుపోవడం నిషేధమని ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. నోటీసు ఇచ్చే అధికారం వ్యవసాయ శాఖ ఆఫీసరుది. దాన్ని మోసుకుపోయే కాళ్లు నావి.

ముందు ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తేలాలి. కాలువ వెంబడి ఎగువకు సైకిలు తొక్కాను. ఎక్కడా ఒక్క మొక్క లేదు. అంటే నీళ్లలో రాలేదు, రోడ్డు మీద వచ్చింది. తిరిగొచ్చి వంతెన దగ్గర కూర్చున్నాను. నిఘా అంటే ఇంతే. కూర్చోవడం, శనక్కాయలు తినడం.

ఆదోనిలో పత్తి దించి ఖాళీ ఎద్దుల బండ్లు ఊళ్లకు తిరిగి పోతున్నాయి. ఒక బండి ఆగింది. బండి తోలే ఈరన్న దిగి, ఇరుసు కింద వేలాడే, ఎద్దులకు తాగించే నీళ్ల బకెట్టు విప్పి, అందులోని పాత నీళ్లను కాలువలోకి కుమ్మరించాడు. నీళ్లతో పాటు ఊదారంగు పువ్వు కూడా జారిపడింది.

"అన్నా, ఆ మొక్క ఎందుకు?"

"నీళ్లు తొణక్కుండ ఏస్తాము సార్. యాపమండ ఏస్తే ఒక్క పొద్దుకే వాడిపోతాది. ఇది వాడనే వాడదు."

వాడదు కాబట్టే కదా మా బాధంతా.

"యాడిది?"

"రాఘవయ్య శెట్టి మిల్లు తొట్లోది. ఏమి, పూలకు గూడ కేసు పెడతారా ఏమి?"

మర్నాడు నోటీసుతో ఆదోని పోయాను. పత్తి మిల్లులో నిప్పు పడితే ఆర్పడానికి పెద్ద నీళ్ల తొట్టి ఉంచాలి. శెట్టిగారు కోస్తాలోని వియ్యంకుల ఊరి నుంచి రెండు మొక్కలు తెచ్చి అందులో వేశారట. ఇప్పుడు తొట్టిలో నీళ్లు ఉన్నాయని నమ్మడమే తప్ప కంటికి కనిపించవు. ఆయన నోటీసు చదివి కళ్లద్దాలు తీశారు.

"తొట్టి ఎందుకు ఖాళీగా పెట్టినావని మొన్న ఫైరాఫీసు నుంచి ఒకాయన వచ్చినాడు. ఎందుకు నింపినావని ఈ పొద్దు నువ్వొచ్చినావు. మీరిద్దరూ యాడన్నా కూర్చుని మాట్లాడుకోని రాండప్పా."

కౌతాళం రైతు కష్టం చెప్పాను. ఆయన తల ఊపారు. పత్తి కూడా కాలువ నీళ్లతోనే పండుతుందని చెప్పాను. ఇంకొంచెం ఊపారు. తొట్టిలో మొక్కలు తీయించే మాట మాత్రం ఎత్తలేదు. చివరకు, "ఒక్కసారి మంటలార్పే పంపు వేయించండి, చూసి పోతాను" అన్నాను.

పంపు గుర్రుమంది, దగ్గింది, ఊరుకుంది. నీళ్లు పీల్చే గొట్టం మూతికి మొక్కల వేర్లు జడలా చుట్టుకున్నాయి. శెట్టిగారు పంపును చూశారు. తర్వాత గోడ పక్కన కొండలా పోసిన పత్తిని చూశారు. పంచె ఎగ్గట్టి ఆయనే ముందు తొట్టిలోకి దిగారు.

పీకిన మొక్కలను కాల్చాలని నోటీసులో ఉంది. పత్తి మిల్లులో మంట పెట్టమని రాసిన ఆఫీసరు మిల్లును బయటి నుంచి కూడా చూసినట్టు లేదు. గుంత తవ్వి పూడ్చాం. బకెట్లో ఆ మొక్క ఉన్న బండి గేటు దాటకూడదని శెట్టిగారు కట్టడి చేశారు. పాత నీళ్లను మిల్లు ఆవరణలోనే నేల మీద కుమ్మరించాలి. బదులుగా గేటు దగ్గర రోజూ వేపమండల మోపు ఉంటుంది.

తర్వాత కౌతాళంలో భీమప్పా నేనూ మరో ఇద్దరు రైతులూ నడుములోతు చల్లటి నీళ్లలో దిగి, షట్టరు నుంచి టెయిల్ ఎండ్ దాకా వెతుక్కుంటూ పోయాం. గట్టు మీద పోయే ఒకాయన, "ఏం పోగొట్టుకున్నారప్పా?" అని అడిగాడు. "ఏమీ పోకూడదని ఎతుకుతాండాము" అన్నాడు భీమప్ప. దొరికిన ప్రతి మొక్కనూ గట్టెక్కించి ఎండబెట్టాం.

భీమప్ప మడికి ఆఖరి తడి అందింది. గింజ పాలుపోసుకుంది. కోతల నాడు నన్ను చేనికి పిలిచి, వరి వెన్నులు నా చేతిలో పెట్టి, "ఇది నీ కాలువది" అన్నాడు. గట్టు నాది కాదు, నీళ్లు నావి కావు, సైకిలు కూడా సగం మా అన్నది. అయినా ఆ మాట కాదనలేదు. ఏళ్లు గడిచాయి. ఆ కాలువలో నేనింతవరకు మళ్లీ ఊదారంగు చూడలేదు. ఆ వంతెన మీద పోయిన ప్రతిసారీ సైకిలు ఆపి కాస్త ఛాతీ విరుచుకుంటాను. ఎవరూ చూడరు. అది వేరే విషయం.

ఈ పనితో నేను నేర్చుకున్నది ఒకటుంది. మొక్కకు కాళ్లు లేవు. దాన్ని ఎవరు ఏ అవసరానికి మోస్తున్నారో కనుక్కుని, ఆ అవసరానికి ఇంకో దారి చూపిస్తే, ఉత్తర్వు తన పని తాను చేసుకుంటుంది.

వేపమండ వల్ల నీళ్లు చేదెక్కి ఎద్దులు తాగడం లేదని ఆ తర్వాత బండ్లవాళ్లు గొణిగారు. దాని మీద కొంత ఆలోచన జరిగింది. బకెట్టును అంచు దాకా కాకుండా నాలుగు వేళ్లు తక్కువగా నింపితే, ఏ ఆకూ వేయకపోయినా నీళ్లు తొణకవు.