గొర్రెపిల్లలకు వేసిన తాళం

మొన్న మా చెల్లెల్ని విమానమెక్కించి తిరిగి వస్తుంటే, శంషాబాద్ అవతల ఒక ఫామ్‌హౌస్ కంచె వెనక గొర్రెపిల్లలు గంతులేస్తూ కనిపించాయి. డ్రైవరు ముచ్చటపడి కారు నెమ్మది చేశాడు. నేను మాత్రం గేటుకి తాళం ఉందా లేదా అని చూశాను. గొర్రెపిల్లలను చూసి ముచ్చటపడాల్సిన వయసులో ఈ బుద్ధేమిటని అడిగితే, దానికో కథ ఉంది.

విమానాశ్రయం వచ్చిన కొత్తలో మంఖాల్ దగ్గర మేమూ కాస్త స్థలం కొన్నాం. కోస్తా నుంచి వచ్చి మైలార్‌దేవ్‌పల్లిలో అద్దెకుంటున్నవాళ్ళం, ఉన్నదంతా ఊడ్చి పెట్టాం. చుట్టూ రాతి కడీలు పాతించి, ముళ్ళతీగ కట్టించి, ఇనుప గేటు పెట్టించాం. అయినా నాకు నిద్ర పడితే ఒట్టు. ఖాళీ స్థలంలో ముందు ఎవరో గేదెను కడతారట, తర్వాత రేకుల షెడ్డు వేస్తారట, ఆపైన కోర్టుకెళ్ళి మాదేనంటారట! ఇలాంటి కథలు మా వీధిలో రోజుకొకటి పుట్టేవి. అందుకని ఆదివారం భోజనం కాగానే మావారి స్కూటరెక్కి స్థలం చూసి రావడం నాకో వ్రతమైపోయింది. అక్కడ కాల్చిపారేసిన బీడీ ముక్క కనిపించినా, అదెవరిదై ఉంటుందని ఆయన్ని వారమంతా వేపుకుతినేదాన్ని.

కొన్న నాలుగో నెలలో ఒక ఆదివారం వెళ్ళేసరికి కంచె లోపల పది పన్నెండు గొర్రెపిల్లలు. మనిషి జాడ లేదు. గేటుకి చుట్టిన తీగ ఎవరో విప్పి, మళ్ళీ పద్ధతిగా చుట్టారు. ఆ పద్ధతే నా అనుమానాన్ని పెంచింది.

"చూశారా, మొదలెట్టేశారు!" అన్నాను.

"గొర్రెపిల్లలే, రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తాయా?" అన్నారు మావారు.

ఆయన మాట ఎప్పుడు విన్నాను కనుక! నా సంచిలో తాళం, స్టాంపుప్యాడు ఎప్పుడూ ఉండేవి. గేటుకి తాళం వేసి, ఈ స్థలంతో తమకు ఏ సంబంధమూ లేదని డైరీ కాగితం మీద రాసి, ఎవరివో వాళ్ళు వస్తే వేలిముద్ర వేయించుకుందామని కూర్చున్నాను.

పొద్దువాలే వేళకి ఒక ముసలావిడ కర్రపట్టుకుని వచ్చింది.

"ఏంది బిడ్డా, తాళమేసిన్రు? మందెంట నడవలేవని పిల్లల్ని లోపట ఉంచిన. బయట కుక్కలు బతకనిస్తలేవు. తల్లులొచ్చే యాళ్లయింది, జర తియ్యిన్రి."

"తీస్తాను. ముందు ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యండి."

కాగితం చూడగానే ఆవిడ చెయ్యి కొంగులో దాచుకుంది. "ఏలు వెట్ట. గీ చెల్క, గీ భూమంత మాదే ఉండె బిడ్డా. అడ్వాన్సు కాయితమని ఒకడు ఏలు వెట్టిచ్చుకుండు, చెల్కంత వోయింది. ఇగ గీ పిల్లలు గూడ వోవాల్నా?"

అంతా నాటకం అనుకున్నాను. తాళంచెవి పిడికిట్లోనే ఉంచుకున్నాను.

ఇంతలో మంద రానే వచ్చింది. పొద్దున్నుంచీ పాలు లేని పిల్లలు లోపల, పొదుగులు నిండిన తల్లులు బయట, ఒకటే అరుపులు. ఒక తల్లి తీగల మధ్యనుంచి దూరబోతే ముల్లు దిగి పొదుగు చీరుకుపోయింది. రక్తం చూసి, "తియ్యవే! ఇంకేం కావాలి నీకు?" అని మావారు మొట్టమొదటిసారి నా మీద అరిచారు. కంగారులో తాళంచెవి రెండుసార్లు కిందపడింది. గేటు తీయగానే ఏ పిల్లకాపిల్ల తన తల్లి దగ్గరికి పరుగెత్తింది. ఆ పొదుగు చీరిన తల్లి మాత్రం నొప్పికి తన పిల్లను తన్నేసింది. ముసలావిడ ఆ పిల్లను చంకనెత్తుకుని మంద వెంట వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత ఆ గేటుకి నేను తాళం వెయ్యలేదు, తీగైనా చుట్టలేదు. ఆవిడ మాత్రం తన పిల్లల్ని మళ్ళీ ఎప్పుడూ అక్కడ వదల్లేదు. ఆ చెల్కను వాళ్ళు ఎన్ని తరాలు దున్నారో అడిగే ముఖం నాకు లేకపోయింది. నాకైతే అది నాదనిపించడానికి నాలుగు నెలలు సరిపోయాయి.