జడ నేర్చిన పిల్లకు గుండు

మా అక్క కూతురికి పదకొండో ఏట జడ వేసుకోవడం వచ్చింది. నాలుగేళ్ళకు నడిచిన పిల్ల, ఏడేళ్ళకు మాట్లాడిన పిల్ల. ఊళ్ళోవాళ్ళు ఏవేవో అనేవారు. అక్క మాత్రం "నిదానం పిల్ల" అనేది.

అక్కవాళ్ళది తిరుత్తణి దగ్గర నేతపని ఇల్లు. తిరుత్తణి అప్పటికింకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. అక్క మగ్గం గుంజకు ఎరుపు, పసుపు, నీలం నూలు కట్టి, ఏ రంగు దేని మీదికి రావాలో రోజూ చూపించేది. నూలు అల్లడానికి ఏడాది పట్టింది. వెంట్రుకలకు రంగులుండవు కనుక ఇంకో ఏడాది. ఒక ఉదయం ఎవరూ చెప్పకుండానే వంకరజడ అల్లుకుని, కొసకు పోగు చుట్టుకుని వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది. అక్క దోసె మాడుతున్నా చూసుకోకుండా ఏడ్చింది.

అక్క అత్తగారు చేతులు జోడించింది. "సామి ఇన్నాడు! బిడ్డకు ఒక పని పట్టుబడితే తలెంటికలు ఇస్తానని మొక్కుకోనుండా."

"ఎవురివి అత్తా?"

"ఎవురివేందిమే? బిడ్డవే."

"అది నేర్సిందే జడేసుకునేది. గుండు కొట్టిస్తే యాడ ఏసుకుంటాది?"

"మళ్ళా మొలస్తాయి లే."

"మూడు కత్తెర్లు ఇస్తాం అత్తా, పూముడి. కొసలు కత్తిరిస్తే సాలు."

"సామి దగ్గిర బేరమా?"

బావ మగ్గంలోంచి తల ఎత్తలేదు. నేను అడ్డుచెబితే ముసలమ్మ నాకు మజ్జిగ తెమ్మని అక్కను కేకేసింది.

కృత్తికనాడు చుట్టాలంతా తిరుత్తణి గుడికి కొండెక్కారు. బావకు మేనమామ ఒకాయన పిల్లను నిలబెట్టి, "ఏం పాపా, కడాసారి జడేసి సూపీ!" అన్నాడు. వేసింది. చప్పట్లు. విప్పి మళ్ళీ వెయ్యమన్నారు. నాలుగుసార్లు వేయించారు. వేళ్ళు తడబడినప్పుడల్లా నవ్వారు. పిల్లకు అది మెప్పనిపించి తనూ నవ్వింది. పత్రిక పనిలో ఎన్నో సన్మానాలు చూశాను. ఇంత రోత ఎక్కడా పుట్టలేదు.

క్షురకుడు ఆ జడనే విప్పి నీళ్ళు చల్లాడు. పని అయ్యాక పిల్ల చెయ్యి వీపు వెనక్కి పోయి తడుముకుంది.

"అమా, నా జడ యాడ?"

"సామి ఎత్తుకోని పొయినాడు!" అన్నాడు మేనమామ. అందరూ పగలబడి నవ్వారు. గుండుకు చందనం పూసి, ఆకుల్లో పొంగలి పెట్టుకుని తినడం మొదలుపెట్టారు. "మంచి ఏడుక" అని ఆయన వేళ్ళు నాకుతూ రెండోసారి పెట్టించుకున్నాడు.

అక్క ఆకు ముందు కూర్చోలేదు. మెట్టు మీద కూర్చుని తన ముడి విప్పి పిల్లకు వీపు తిప్పింది. పిల్ల కాసేపు చూసి, మూడు పాయలు తీసింది.

"ఏమే, కొండమింద తల ఇరబోసుకుంటారా? ఎవురన్నా సూస్తే?" అంది అత్తగారు.

"సూడనీ అత్తా," అంది అక్క, తల కదపకుండా. పిల్ల అప్పటికే సగందాకా అల్లింది.