ఖాలా గిన్నె, అమ్మ తొక్కు

పక్కింట్లో ఎవరో పచ్చి చింతకాయలు దంచుతున్నారు. ఆ పులుపు వాసనకు పాలమూరులో మా వంటింటి మూల, అక్కడి నల్ల జాడీ కళ్లముందుకొచ్చాయి.

అది నిజాం కాలం. నాకు ఏడేళ్లు. అమ్మ చనిపోయి మూడు నెలలైంది. నాయిన పొద్దున పనికి పోతే చీకటి పడేదాకా ఇంట్లో నేనొక్కదాన్నే. గోడకు ఆనుకుని కూర్చుని, అవతల నేను ఖాలా అని పిలిచే ముస్లిం పొరుగామె ఇంట్లో గిన్నెల చప్పుడు వినేదాన్ని. మా ఇంట్లో పొగ లేవలేదని చూసిందేమో, ఒకనాడు ఆమె కలాయి గిన్నెలో ఖిచిడీ తెచ్చింది.

"జర తిను బిడ్డా. గిన్నె నిమ్మళంగ ఇయ్యి," అని పోయింది.

ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వొద్దని అమ్మ చెప్పేది. ఇల్లంతా వెతికితే జొన్నపిండి తప్ప ఏమీ కనబడలేదు. చివరికి అమ్మ పెట్టిపోయిన చింతకాయ తొక్కు జాడీ అడుగున కొంచెం ఉంటే, అంతా గీకి గిన్నెలో పెట్టి ఇచ్చొచ్చాను.

మాపటికి నాయిన రొట్టె ముందు కూర్చుని జాడీ మూత తీశాడు.

"తొక్కు ఏది బిడ్డా?"

"ఖాలా గిన్నెల పెట్టిచ్చిన. ఉత్త గిన్నె ఇయ్యొద్దని అమ్మ చెప్పింది గద నాయినా."

ఆయన చాలాసేపు జాడీలోకే చూశాడు.

"మంచిగ చేసినవ్," అని ఉప్పు అద్దుకుని రొట్టె తిన్నాడు.

మెచ్చుకున్నాడన్న సంబరంతో జాడీ కడగబోయాను. నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టేశాడు.

"ఉండనియ్."

ఎండకాలం కదా, బాయి అడుగంటింది, నీళ్లు దండగని కాబోలు అనుకున్నాను.

వానలు పడ్డాయి. బాయి నిండింది. ఆ జాడీని మాత్రం నాయిన ఎన్నడూ కడగనియ్యలేదు.