గొర్రెపిల్లలకు నీలం ర్యాక్

ఆ ఏడు కూడా వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయింది. మా అక్కవాళ్ళది ముదిగుబ్బ పక్కన పల్లె. చేను పోయినా మంద మిగిలింది కాబట్టి, ఎప్పటిలాగే గొర్రెలను కర్నూలు వైపు కాలువ కింది భూములకు తోలుకుపోవాలని బావ నిశ్చయించాడు. అక్కడ వరి కోతలయ్యాక మళ్ళలో మేత దొరుకుతుంది. మళ్ళీ వానలు పడేదాకా అక్కడే మకాం. దారి పొడవునా నడకే. పెద్ద గొర్రెలు నడుస్తాయి. పుట్టి వారమో పది రోజులో అయిన పిల్లలు నడవలేవు.

అందుకే అంతకుముందు ఏడు బావ పాత పికప్ ఒకటి కొన్నాడు. వెనక బాడీలో దొడ్డి వలలు, వాటిని కట్టే గూటాలు, బిందెలు, పరుపులు సర్ది, ఆ సందుల్లోనే పిల్లలను వదిలాడు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేస్తే సామానంతా జారి వాటి మీద పడింది. చచ్చిపోయిన పిల్లలను మా అక్క రోడ్డు పక్కన తనే గుంత తవ్వి పూడ్చింది. ఈసారి పిల్లలకు విడిగా చోటు కట్టించకపోతే తాను గడప దాటనని అప్పటినుంచే అంటోంది. చేను చేతికి రాని ఇంటికి ఆ పిల్లలే పంట. ఆ సంగతి బావకూ తెలుసు.

నేను పత్రిక ఉద్యోగం నుంచి బయటపడి అప్పటికి కొన్నాళ్ళయింది. కరువు వార్తలు రాసి రాసి, ఏ ఏటి వార్తను ఏ ఏట అచ్చు వేసినా ఎవరూ కనుక్కోలేరన్న అలసటతో అనంతపురంలో ఇంటిపట్టునే ఉంటున్నాను. బావ ఫోన్ చేశాడు.

"ఊరికే కూచోనుంటావు గదా బామ్మర్దీ, బత్తలపల్లెకు రా. నాకు లెక్క రాదు, నీకు పని రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయితాడు."

బత్తలపల్లెలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద ఉంటుంది ఆ వెల్డింగు షాపు. నేను వెళ్ళేసరికి బావ చంకలో గొర్రెపిల్లతో నిలబడి ఉన్నాడు. టేపుతో పని లేదట. కమ్మీకీ కమ్మీకీ మధ్య ఎంత సందు ఉండాలో పిల్ల తలకాయే చెప్పాలట. వెల్డరు రెండు కమ్మీలు పట్టుకుంటే, బావ పిల్ల మూతిని వాటి మధ్యకు తోసి చూశాడు. మూతి దూరితే గాలి ఆడుతుంది, తల దూరితే ఇరుక్కుని చస్తుంది. ముందుకు, వెనక్కు జరిపి జరిపి చివరకు ఒక సందు ఖాయం చేశారు. పిల్ల అరిచి అరిచి బావ చొక్కా తడిపింది.

"పెండ్లికూతురికి జాకెట్ కొలతలు ఇంత సేపు తీయరన్నా," అన్నాడు వెల్డరు.

"పెండ్లికూతురు కుట్లు ఇప్పుకుంటాది. ఇది యాడ ఇప్పుకుంటాది?" అన్నాడు బావ.

పని రెండు అంతస్తులు. కింద మోకాలెత్తున పిల్లల అర, పైన సామానుకు కమ్మీల అటక. సామాను బరువు పిల్లల మీద పడకుండా నాలుగు మూలలా లావు యాంగిల్స్ నిలబెట్టి, వాటిని బాడీకి బోల్టులతో బిగించాలి. కింద రేకు పరిస్తే ఉచ్చలో జారి కాళ్ళు విరుగుతాయని, సందులు వదిలి చెక్కలు వేయమన్నాడు బావ. వెనక బందుల మీద తెరుచుకునే తలుపు, దానికి గొళ్లెం. నేను కాగితం మీద బొమ్మ గీశాను. వెల్డరు దాన్ని మర్యాదగా చూసి, మడిచి జేబులో పెట్టుకుని, నేల మీద సుద్దముక్కతో తన బొమ్మ తాను గీసుకున్నాడు.

కరెంటు వస్తూ పోతూ ఉండడంతో కోయడం ఒకరోజు, అతకడం ఒకరోజు పట్టింది. కరెంటు పోయినప్పుడల్లా ముగ్గురం పాత టైర్ల మీద కూర్చుని రోడ్డు చూసేవాళ్ళం. ధర్మవరం వైపు పోయే బస్సులు, దుమ్ము, మళ్ళీ బస్సులు. మాటలు మొదటి పూటే అయిపోయాయి. బావ మాత్రం మధ్యమధ్య లేచి వెళ్ళి, చల్లారిన అతుకుల మీద చెయ్యి పెట్టి, కొసలు గీరుకుంటాయేమోనని తడిమి వచ్చేవాడు. గరుకు తగిలినచోటల్లా మళ్ళీ సాన పట్టించాడు.

ర్యాక్ నిలబడ్డాక వెల్డరు ఎర్ర ప్రైమరు పూసి, ఇక తీసుకుపొమ్మన్నాడు. బావ ఒప్పుకోలేదు. కొత్త ఇనుమును బోడిగా ఇంటికి తీసుకుపోకూడదన్నది వాళ్ళింటి పట్టింపు. మడక కొన్నా, కొడవలి కొన్నా పిడికైనా రంగు వేసి, పసుపు కుంకుమ పెట్టాకే పనిలోకి దించుతారు. పోయిన ఏడు పికప్‌కు పూజ సరిగ్గా చేయలేదనీ, పిల్లలు పోయింది అందుకేననీ బావ లోలోపల అనుకుంటున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. నీలం ఆయిల్ పెయింటు తెప్పించి లోపలా బయటా దట్టంగా వేయించాడు. నాలుగు రోజులు ఎండకు వదలమని వెల్డరు చెప్పాడు. మంద కదిలే రోజు ముందే పెట్టుకున్నారు. మధ్యలో ఒక్క రోజే ఉంది.

"ఈ ఎండకు రంగేంది అన్నా, మనిషే ఆరిపోతాండాడు," అన్నాడు బావ.

చేత్తో తాకితే నిజంగానే ఆరింది. ఇంటి దగ్గర అక్క హారతి ఇచ్చింది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. నీలం కమ్మీల మీద పసుపు బొట్లు చూసి ఆమె ముఖంలో చాలా రోజులకు నవ్వు కనబడింది. పిల్లలను ఒక్కొక్కదాన్నే ఎత్తి లోపల పెట్టింది. ఎండ తగలకుండా చుట్టూ టార్పాలిన్ పట్ట కట్టారు. బావ అన్నదమ్ములు ఇద్దరూ మందతో తెల్లవారకముందే నడిచారు. వెనక అక్కా బావా నేనూ పికప్‌లో, తాడిమర్రి దారిన.

దారిలో ఏ ఇబ్బందీ కాలేదు. గుంతల దగ్గర అక్క వెనక్కి తిరిగి చూసేది. పైన సామాను కదల్లేదు, కింద పిల్లలు పడలేదు. బావ మందకు దూరం కాకుండా ఆగి ఆగి, అద్దంలో చూసుకుంటూ నెమ్మదిగా నడిపాడు. సాయంత్రానికి మేము అనుకున్న బీడు చేరాం. కాసేపటికి మంద వచ్చింది.

సాయంత్రం పూట గొర్రెల మంద దగ్గర ఉన్నవాళ్ళకు ఆ సద్దు తెలుస్తుంది. తల్లులు పొదుగులు బరువెక్కి అరుస్తాయి, పిల్లలు అరుస్తాయి, అంత గోలలోనూ ఏ తల్లి పిల్లను ఆ తల్లి పోల్చుకుంటుంది. బావ గొళ్లెం తీశాడు. పిల్లలు దూకి తల్లుల కిందికి పరుగెత్తాయి. ప్రతి తల్లీ వంగి తోక దగ్గర వాసన చూసింది. చూసి, పక్కకు జరిగింది. మళ్ళీ వచ్చిన పిల్లను తలతో పొడిచింది. ఒకటీ రెండూ కాదు, మందంతా అదే వరస. తమ పిల్లల కోసం అరుస్తూనే తమ పిల్లలను తోసేస్తున్నాయి.

అక్క ఒక పిల్లను ఎత్తి వీపు మీద ముక్కు ఆనించింది. తర్వాత దాన్ని బావ ముఖం దగ్గర పెట్టింది.

"చూడు. రంగు వాసన. పిల్ల వాసన యాడన్నా ఉండాదా?"

బావ వాసన చూడలేదు. చూడనవసరం లేదు. పుట్టినప్పటినుంచీ గొర్రెల మధ్యే ఉన్న మనిషి. చనిపోయిన పిల్ల తోలు తల్లిలేని ఇంకో పిల్లకు కప్పి, ఆ వాసనతో తల్లిని నమ్మించిన చేతులవి. పట్ట కట్టిన అరలో పగలంతా ఉక్కకు పెయింటు వాసన పిల్లల బొచ్చుకు పట్టింది. ఇనుముకు చేయాల్సిన మర్యాద గుర్తుండి, గొర్రె ముక్కు గుర్తుకు రాలేదు.

"వెనక్కి పోదామా?" అని అడిగాను.

"దొడ్డి దాటిన మందను తిప్పరప్పా," అన్నాడు, నా వైపు చూడకుండా.

చీకటి పడేలోపు చేయగలిగింది చేశాం. నేనూ బావ అన్నదమ్ములూ తల్లుల మెడలు పట్టుకుంటే, అక్క పొదుగు పిండి ఆ పాలు ఆ పిల్ల వీపుకూ తోకకూ రుద్దేది. ఏ పిల్ల ఏ తల్లిదో ఆమెకే తెలుసు. గొర్రె మెడ చూడ్డానికి చిన్నది, పట్టుకుంటే భుజాలు ఊడొచ్చే బలం. కొన్ని తమ పాల వాసనకు లొంగి నాకడం మొదలుపెట్టాయి. కొన్నింటి కాలు కట్టి తాగించాల్సి వచ్చింది. మిగతావి ఎంతసేపటికీ ఒప్పుకోలేదు.

తెల్లవారాక బావ గొర్రెలు పడుకున్న చోట పెంటికలు ఎత్తి, నీళ్ళలో పిసికి, ఆ నీలం కమ్మీలకు పూయడం మొదలుపెట్టాడు. బొట్లు పెట్టిన చోట కూడా పూశాడు. అంత శ్రద్ధగా సాన పట్టించిన అతుకులను అంతే శ్రద్ధగా తడుముతూ. సాయం చేయబోతే వద్దన్నాడు.

అది ఎండి, రంగు వాసన పోయి మంద వాసన పట్టేసరికి నాలుగైదు రోజులైనా పడుతుందని అతనే చెప్పాడు. అంతదాకా పిల్లలను అందులో ఎక్కించకూడదు. అలాగని వాటిని నడిపిస్తే మంద ముందుకు సాగదు. వెనక నుంచి వేరే ఊళ్ళ మందలు దాటిపోతాయి. మనం చేరేసరికి కాలువ కింద మళ్ళు ఎవరో మేపేసి ఉంటారు. అతను ఇదంతా అక్కతోనే చెబుతున్నాడని, జవాబు ఆమెదేనని అందరికీ తెలుసు.

అక్క రాత్రి ఒప్పుకోని తల్లులనూ వాటి పిల్లలనూ విడిగా ఒక వలలోకి తోలి ఉంచింది. వాటిలో ఒక పిల్ల అప్పుడే లేచి నిలబడలేకపోతోంది. దాన్ని కొంగులో వేసుకుంది.

"ఉండే మేత తింటాయిలే. పిల్లలు నడిచినంతే నడుస్తాం," అంది.

మంద బయలుదేరింది. కాస్త దూరం నడవడం, పిల్లలు చతికిలబడగానే ఆగడం, తల్లుల కింద పిల్లలను పెట్టి పట్టుకోవడం. వెనక బావ పికప్‌ను మొదటి గేరులో, మనిషి నడక కంటే నెమ్మదిగా తెచ్చాడు. పై అటక నిండా సామాను, కింద అర ఖాళీ. తలుపు గాలికి మూసుకోకుండా తాడుతో వెనక్కి కట్టేశాడు. రెండు మందలు మమ్మల్ని దాటిపోయాయి. వాటి కాపరులు ఆ ర్యాక్‌ను వింతగా చూస్తూ పోయారు. మధ్యాహ్నం, తిరిగి అనంతపురం పోవడానికి నేను బస్సెక్కే చోటికి వచ్చేసరికి, పొద్దున్న బయలుదేరిన బీడు వెనక్కి తిరిగి చూస్తే ఇంకా కనబడుతూనే ఉంది. అక్క కొంగులో పిల్ల అప్పటికి పాలు తాగింది, ఇంకో తల్లి దగ్గర.