వెనక తలుపు

మా కార్ల ఫ్యాక్టరీలో కొత్త మోడల్ అమ్మకానికి వెళ్ళేముందు కొన్ని ట్రయల్ బండ్లు కట్టేవాళ్ళం. వాటికి తలుపులు బిగించే పెద్దాయన పులికాట్ ఒడ్డు పల్లెవాడు, పడవలు చేసే ఇంటి మనిషి. ఒక్కచోట నిలబడేవాడు కాదు. తలుపు వేసి చప్పుడు విని, బండి చుట్టూ తిరిగొచ్చి, "ఇంకోసారి ఏసి చూద్దాం సార్" అనేవాడు. ఇంజనీరుగా కొత్తగా చేరిన నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు సాయంత్రంలోగా బండి తనిఖీకి పోవాలి. ఆయన వెనక తలుపు దగ్గరే తచ్చాడుతున్నాడు.

"చప్పుడు బోలుగా ఉండాది సార్. నేను సంతకం పెట్టను."

"కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా!" అని అరిచి, నేనే పెట్టేశాను.

మర్నాడు వానలాగా నీళ్ళు కొట్టి చూసే గదిలోంచి ఆ బండి బయటికొచ్చింది. వెనక సీటు తడిసి ముద్దయింది. అందరూ నావైపే చూశారు. ఆయన మాత్రం గుడ్డతో సీటు తుడిచి, "ఇంకోసారి ఏసి చూద్దాం సార్" అన్నాడు, ఎప్పటిలాగే.

ఇప్పటికీ ఏ కారు దిగినా నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్ళి తలుపు మళ్ళీ వేస్తాను. ఆయనకు వినిపించిందేదో నాకింతవరకూ వినిపించలేదు.