తలుపేసి విన్న మాట

దూదేకుల సైదా సాహెబ్ కూతురు షిఫాకు కుదురన్నది పుట్టుకతోనే లేదు. ఆళ్లగడ్డలో వాళ్ల వీధిలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. తండ్రి వసారాలో దూది పరుచుకుని పరుపులు కుడుతుంటే, ఈ పిల్ల అన్నం గిన్నె చేతపట్టుకుని ఆ దూది చుట్టూ తిరుగుతూనే తినేది. నంద్యాలలో ఎంబీయే చదివేటప్పుడు, పరీక్ష హాల్లో కాళ్లాడిస్తోందని చీవాట్లు తిన్నది. అట్లాంటి మనిషికి దేవుడు రాసిపెట్టిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, కుర్చీలో కూర్చుని పరాయివాళ్ల కష్టాలు ఓపిగ్గా వినడం! పైవాడికీ అప్పుడప్పుడూ వేళాకోళం ఉంటుంది మరి.

శిరివెళ్ల దాటాక రోడ్డు పక్కన ఒక విత్తనాల ప్లాంటు ఉంది. జొన్నలు, మొక్కజొన్నలు శుభ్రం చేసి సంచులకెత్తే చోటు. షిఫా అందులో హెచ్చార్ ఆఫీసరు. పేరుకు ఆఫీసరే గానీ, మొన్నమొన్నటిదాకా ఆమె పనల్లా హాజరు చూడడం, పీఎఫ్ కాగితాలు పంపడం, ఎవరికైనా వేలు తెగితే ఆసుపత్రికి తీసుకుపోవడం. బెల్టు దగ్గర కూర్చుని పగిలిన గింజలు ఏరే ఆడవాళ్లు ఆమెను ‘ఎచ్చారమ్మా’ అని పిలుస్తారు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

వేసవి ముదురుతుండగా కంపెనీవాళ్లు ఆమెను నంద్యాలలో మూడు రోజుల శిక్షణకు పంపారు. బస్టాండు దగ్గర ఒక హోటలు మేడ మీద ఏసీ హాలు. పనివాళ్ల ఫిర్యాదులు ఎలా వినాలి, ఎలా తీర్చాలి అన్నది పాఠం. చెప్పింది హైదరాబాదు నుంచి వచ్చిన శ్రీవాణి మేడం. మంచి మనిషి, చక్కగా చెప్పింది. ఫిర్యాదు చేసేవాళ్లను పదిమందిలో అడగొద్దు, విడిగా పిలవండి, తలుపు వేయండి, ఎదురుమాట చెప్పకుండా వినండి, వాళ్ల పేరు బయటికి పొక్కనివ్వొద్దు అంది. తర్వాత ఒకరిని పనివాడిగా, ఒకరిని ఆఫీసరుగా కూర్చోబెట్టి నాటకం ఆడించింది. షిఫా ఆఫీసరు వేషం కట్టి, కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుని, ఎప్పుడూ లేనంత బుద్ధిగా విన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె ఒళ్లు ఆగలేదు. ఎవరో ఒకరి కష్టం దొరికితే చాలు, తీర్చి పారేద్దామన్నంత ఊపు!

దొరికింది. రెండో రోజే దొరికింది.

రుద్రవరం వైపు పల్లెల నుంచి వచ్చే కూలీల ముఠాలో కృపమ్మ అని ఒకామె ఉంది. ఎండ అట్లా కాస్తున్నా, నీళ్ల సీసా చేతికొచ్చినప్పుడల్లా గుక్కెడైనా తాగకుండా పక్కామెకు ఇచ్చేస్తోంది. మొహం పీక్కుపోయి ఉంది. షిఫా తన గది అద్దంలోంచి చూసింది, ఆగలేకపోయింది. వాచ్‌మన్ ఇమ్మానుయేలును పంపించింది. అతను బెల్టు మోత మీదుగా అరిచాడు.

“కృపమ్మా! నిన్ను రూములోకి రమ్మంటాండాది మేడం!”

కృపమ్మ లేవకుండా ముందు దేవమ్మ వైపు చూసింది. దేవమ్మ ఆ ముఠాకు పెద్ద. ఏ ఇంటి నుంచి ఎవరిని పనికి పిలవాలో, పొద్దున ఆటోలో ఎవరు ఎక్కాలో ఆమె మాటే మాట. దేవమ్మ తలెత్తలేదు. కృపమ్మ కొంగు దులుపుకుని లేచింది. ఇదంతా షిఫా చూసింది. చూసి ఏం లాభం, అర్థం కావద్దూ?

గదిలో తలుపు వేసి, పరదా లాగి, శ్రీవాణి మేడం చెప్పినట్టే కుర్చీ ఎదురుగా కాకుండా పక్కకు వేసుకుని కూర్చుంది. కృపమ్మ చాలాసేపు ‘ఏం ల్యాదమ్మా, ఏం ల్యాదు’ అంది. ఆఖరికి కట్ట తెగింది.

“బాత్‌రూముకు బీగమేసినారు కదమ్మా. బీగంచెవి సూపర్‌వైజరు ఓంప్రకాష్ సారు జేబులో ఉంటాది. పోయి అడగాల. అడిగితే, ‘మళ్లానా? ఇంటికాడ పోసుకోని రాలేదా?’ అని గట్టిగా అంటాడు. ఆడుండే హమాలీలంతా నగుతారు. సిగ్గుతో సచ్చిపోతాండామమ్మా. అందుకే నీళ్లు తాగేది మానేసినాం. నాకు మంటలు, జరం. డాక్టరమ్మ నీళ్లు తాగమంటాది. ఎట్ల తాగేది?”

షిఫాకు చెవులు భగ్గుమన్నాయి. తాను రోజూ ఆఫీసు వాళ్ల బాత్‌రూముకు పోతుంది, దానికి తాళమే లేదు. ఇన్నాళ్లూ కళ్లు ఎక్కడ పెట్టుకున్నానా అని తనను తానే తిట్టుకుంది.

“ఈ మాట ఈ తలుపు దాటదు. నీ పేరు ఎవురికీ చెప్పను. నా మీద నమ్మకం పెట్టు” అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. ఉండదా మరి, మొదటి కేసు!

మర్నాడు కృపమ్మ రాలేదు. జ్వరమేమో అనుకుంది. ఆ మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. షిఫా బెల్టు దగ్గరికి పోయింది.

“కృపమ్మ రాలేదేంది?”

“ఏ కృపమ్మ?” దేవమ్మ చేతులు గింజల మీదే ఆడుతున్నాయి.

“ఏ కృపమ్మేంది! మీ ముఠాలో కృపమ్మ.”

“మా ముఠాలో ఆ పేరు మనిషి ల్యాదు మేడమ్మా. నీ రూములో ఉంటాదేమో సూసుకో.”

ఆడవాళ్లెవరూ నవ్వలేదు. అందుకే ఇంకా భయమేసింది షిఫాకు.

గేటు దగ్గర ఇమ్మానుయేలు విషయం విప్పాడు. కంపెనీకి ఏదైనా చెప్పుకోవాలంటే ఈ ముఠాకు ఒక పద్ధతి ఉంది. అందరూ పని ఆపి ఖాళీ గోతాల మీద కూర్చుంటారు. దేవమ్మ ఒక్కతే లేచి మాట్లాడుతుంది. ఎవరి కష్టమైనా సరే, ముఠా కష్టంగానే బయటికొస్తుంది. ఒంటరిగా ఆఫీసు గదిలోకి ఎవరూ పోరు. వెనకటికి ఒకామె పోయింది. వెళ్లింది కూలిమనిషిగా, మరో నెలకల్లా కంపెనీ తరఫున లీడరై కూర్చుని, వీళ్లెవరు ఎంతసేపు మాట్లాడుకున్నారో పైవాళ్లకు మోసింది. అప్పటి నుంచి గదిలోకి పోయిన మనిషి అమ్ముడుపోయిన మనిషే.

“అందులో నువ్వు తలుపు గూడా ఏసినావు కదమ్మా” అన్నాడు ఇమ్మానుయేలు, తనే తప్పు చేసినవాడిలా నేల చూస్తూ. “తలుపు తీసి పెట్టుంటే కొంచెం నయ్యం.”

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటే ఇదే కదా! మంచి చేయబోయి మనిషి నోటికాడి కూడు పడగొట్టింది. కృపమ్మ చెప్పిందేమిటో దేవమ్మకు చెప్పేస్తే అనుమానం తీరుతుంది. కానీ చెప్పనని మాటిచ్చింది. పైగా ఆ మాట ఒకసారి బయటపడితే ఓంప్రకాష్ చెవికి చేరడానికి ఎంతసేపు? శ్రీవాణి మేడానికి ఫోను చేసింది. ‘ఆమె ఒప్పుకుంటే తప్ప బయటపెట్టకండి’ అంది మేడం. న్యాయమైన మాటే. ఒప్పుకోవాలంటే ముందు మనిషి దొరకాలి కదా తల్లీ!

ఆ సాయంత్రం ఆళ్లగడ్డలో ఇంటికొచ్చి షిఫా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. వసారాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వసారాలోకి. సైదా సాహెబ్ పరుపు అంచు కుడుతున్నాడు. కూతురి కాలు తగిలి దారం ఉండ దొర్లిపోయింది.

“కూర్చోనన్నా కూర్చో, పండుకోనన్నా పండుకో. సూది గుచ్చుకుంటాది. ఏమైందే నీకు?”

“నాయనా, ఒక మనిషికి నా వల్ల పని పోయింది.”

“నువ్వు తీసేసినావా?”

“లేదు. కష్టమేందో చెప్పమని అడిగినా.”

ముసలాయన సూది ఆపి ఆమె మొహం వంక చూశాడు. ఏమీ అర్థం కాలేదు ఆయనకు. “అడిగితే పని పోతాదా? ఏం కంపెనీనే మీది!” అని మళ్లీ కుట్టుకోసాగాడు. షిఫాకు ఏడుపొచ్చింది.

తెల్లవారగానే స్కూటీ తీసి రుద్రవరం పోయింది. ముఠా ఆటో ఆగే చోట ఆడవాళ్లు కారియర్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లకు దూరంగా, టీ బంకు పక్కన, కృపమ్మ. ఆమె చేతిలోనూ కారియరుంది.

షిఫా బండి ఆమె దగ్గర ఆపింది. “కృపమ్మా, నువ్వు ఈడ...”

“దినామూ వస్తాండా. ఈ పొద్దన్నా ఎక్కమంటాదేమోనని.” అంతలోనే కృపమ్మ అదిరిపడి వెనక్కి జరిగింది. “నువ్వు దూరం పో తల్లీ! మళ్లా నాతో గుసగుసలాడద్దు. వాళ్లు సూస్తాండారు.”

“నా బండెక్కు, ప్లాంటుకు పోదాం.”

“నీ బండెక్కితే ఇంక నేను సచ్చినట్టే!”

అప్పుడు తగిలింది షిఫాకు. తాను ఇంకా తలుపు వేసుకునే మాట్లాడుతోంది, నడిరోడ్డు మీద కూడా. బండి స్టాండు వేసి, తిన్నగా ఆటో దగ్గరికి నడిచింది. వీధంతా వినిపించేలా గొంతెత్తింది.

“దేవమ్మక్కా! తప్పు నాది. ఆమె నా రూములోకి రాలేదు, నేను పిలిపించినా. తలుపు ఆమె ఏయలేదు, నేనేసినా. మీ పద్ధతి నాకు తెలీదు. తిట్టాల్నంటే నన్ను తిట్టు.”

“ఏం చెప్పింది నీకు?”

“అది చెప్పను. చెప్పనని మాటిచ్చినా. నేనే అడుగుతాండా, అందరినీ. మీరంతా నీళ్లు ఎందుకు తాగడం లేదు?”

ఒకామె కారియరు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. దేవమ్మ మొహంలో రంగు మారింది. ఆమెకు తెలుసు. బీగంచెవి సంగతి అందరికన్నా ముందు ఆమెకే తెలుసు. ఏ ముఠాను పిలవాలో చెప్పేది ఓంప్రకాషే. నోరు తెరిస్తే రేపు శిరివెళ్ల ముఠా వచ్చి ఆ బెల్టు దగ్గర కూర్చుంటుంది. అందుకే మింగి ఊరుకుంది, అందరినీ మింగమంది.

“ఎక్కండే, పొద్దుపోతాంది” అంది దేవమ్మ. ఆటో కదిలింది. కృపమ్మను ఎక్కించుకోలేదు.

షిఫా తన బండి మీద ఆటో వెనకే పోయింది. దారంతా తనను తాను తిట్టుకుంటూనే ఉంది. తీరా ప్లాంటులో చూస్తే, బెల్టు తిరుగుతోంది గానీ ఆడవాళ్లు బెల్టు దగ్గర లేరు. ఖాళీ గోతాల మీద వరసగా కూర్చుని ఉన్నారు. మేనేజరు జనార్దనం పరుగున వచ్చాడు. బెల్టు ఆపించాడు. హమాలీలు బస్తాలు దించి నిలబడ్డారు. ఓంప్రకాష్ చేతులు కట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు.

“మళ్లీ ఏమొచ్చింది దేవమ్మా?”

దేవమ్మ లేచింది. “సార్, మాకు ఆ బాత్‌రూము...” అంది. అక్కడ ఆగింది. ఎంతటి గొంతు ఆమెది! బెల్టు మోతను మించి అరిచే మనిషి, ఇంతమంది మగవాళ్ల ముందు ఆ మాట నోటికి రాక, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఓంప్రకాష్ పెదవి ఒకవైపు సాగింది.

“బీగంచెవి ఈ సారు జేబులో ఉంటాది.”

అందరూ వెనక్కి తిరిగారు. కృపమ్మ. బస్సు దిగి గేటు దగ్గర నుంచి పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. ఇమ్మానుయేలు ఆమెను లోపలికి వదిలేశాడు.

“అడిగినప్పుడంతా నగుతాడు సార్. పదిమందిలో ‘మళ్లానా’ అంటాడు. మేం నీళ్లు తాగేది మానేసినాం. నాకు జరమొచ్చింది. మీ ఇంట్లో ఆడోళ్లుంటే ఇట్లనే అడిగిపిస్తారా సార్?”

జనార్దనం మొహం ఎర్రబడింది. “ఏందయ్యా ఇది, ఓంప్రకాష్?”

“అబద్ధం సార్! రోడ్డు మీది జనం వచ్చి పాడు చేస్తాండారని మీరేగా బీగమేయమన్నారు? ఈమె అందరి మీదా పుల్లలు పెట్టే రకం. ఆ పొద్దు మేడం రూములోకి ఒక్కతే పోయి ఎక్కించింది. ముఠావాళ్లే ఈమెను తరిమేసినారు. కావాలంటే దేవమ్మనే అడగండి. ఈమె మీ మనిషేనా దేవమ్మా?”

దేవమ్మ ‘కాదు’ అంటే అంతే. కృపమ్మ మాటా చెల్లదు, కృపమ్మా చెల్లదు. దేవమ్మ కొంగు మూతి మీద నుంచి తీసి, గట్టిగా నడుముకు దోపుకుంది.

“మా మనిషే. నా నోటికి ఆ మాట రాక, దాన్ని రూములోకి పంపిచ్చింది నేనే.”

గోతాల మీద కూర్చున్న ప్రతి ఆడమనిషికీ అది అబద్ధమని తెలుసు. కృపమ్మకు ఇంకా బాగా తెలుసు. ఆమె నోరు తెరుచుకుని దేవమ్మను చూస్తూ ఉండిపోయింది.

జనార్దనం షిఫా వైపు తిరిగాడు. “నిజమేనా? ముఠా పంపిస్తేనే వచ్చిందా ఆమె?”

విచారణలో ఉన్నది ఉన్నట్టే చెప్పాలని మూడు రోజులు నేర్చుకొచ్చిన మనిషి షిఫా. ఇంతసేపటికి ఆమె కాళ్లు కదలకుండా నిలబడ్డాయి.

“అవును సార్. దేవమ్మే పంపించింది.”

జనార్దనం ఓంప్రకాష్ ముందు చెయ్యి చాపాడు. బీగంచెవి ఆ చేతిలో పడింది. తాళం పీకేయమని ఇమ్మానుయేలుకు చెప్పి, ఓంప్రకాష్‌ను ఆఫీసులోకి రమ్మని ముందు నడిచాడు.

దేవమ్మ అప్పటికే అందరినీ తోలుతోంది. “లేయండే, లేయండి, గింజలు మీకోసం కాసుకోని కూసున్నాయా?” అని అరిచి, గేటు వైపు తిరిగింది. “ఏమే కృపమ్మా, నీకు వేరే చెప్పాల్నా? ఆడేం సూస్తాండావు, దిష్టిబొమ్మ మాదిరి? నీ జాగాలో వచ్చి కూసో.”

కృపమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, ఆమె పక్కన కూర్చుంది.