పోతుకు పోసిన చన్నీళ్ళు

మొన్న కురవి బస్సులో ఎవరో మేకపోతును ఎక్కిస్తే అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు చిన్నప్పటి మా నల్లపోతు గుర్తొచ్చింది.

ఆ ఏడు మా మేకలు చూలు కట్టలేదు. పశువుల డాక్టర్ వచ్చి పోతును చూస్తాడనీ, పనికిరాదంటే కటికాయనకు అమ్ముతాననీ బాపు అన్నాడు. చూడడమంటే పెళ్ళిచూపులలాంటిదే అనుకున్నాను. చలికాలం పొద్దున్నే సబ్బు రుద్ది, తొట్టిలోని చన్నీళ్ళతో దానికి స్నానం చేయించాను.

డాక్టర్ వచ్చి, టేపుతో దాని వట్టల చుట్టూ కొలిచాడు.

"గింతేనా? గిట్ల చిన్నగుంటే విత్తనం తక్కువుంటది."

బాపు తాడు విప్పబోయాడు. నాకు ఏడుపొచ్చింది.

"నేనే తానం చేపిచ్చిన బాపూ! జర మంచిగ కనవడాలని..."

డాక్టర్ దాని ఒళ్ళు తడిమి నవ్వాడు. "చలికి ముడుచుకున్నయే పిల్లా! ఎండెక్కనియ్యి, మల్ల కొలుస్త."

బాపు భుజం మీది గొంగడి తీశాడు. వణుకుతున్న నాకు కప్పుతాడనుకున్నాను. పోతుకు కప్పాడు. ఎండ దడి దాటి వచ్చేదాకా దాని తోక కిందికే చూస్తూ కూర్చున్నాను.

రెండోసారి కొలత సరిపోయింది. "పోతు మంచిగనే ఉన్నది. మేకలే బక్కగున్నయ్, దాణా పెట్టుండ్రి," అని డాక్టర్ వెళ్ళిపోయాడు.

"వాసనంత కడిగితివి. ఇగ మేకలు దీన్ని దగ్గరికి రానిస్తయానే?" అన్నాడు బాపు.

నాకు మళ్ళీ భయం పట్టుకుంది. ఆ వాసన తిరిగొచ్చేదాకా రోజూ దాని మెడకు ముక్కు ఆనించి చూసేదాన్ని.

బస్సులో నేనొక్కదాన్నే ముక్కు మూసుకోలేదు.